నీటి మెట్లపై నావ

నారాయణఖేడు ప్రాంతపు పటమును ముందుంచుకొని చూచువారి కంటికి మొదట తగులునది మంజీరా నది వంపు. మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 823 మీటర్ల ఎత్తున జనించి, లాతూరు, బీదరు సీమలను దాటి తూర్పుగా వచ్చిన ఈ నది, నారాయణఖేడునకు దక్షిణముగా మనూరు మీదుగా సింగూరు జలాశయమును చేరి, సంగారెడ్డి పొలిమేర వరకును అదే దారిని సాగి, అటుపై దక్కను నదులకు అలవాటైన తూర్పుదిశను విడిచి ఉత్తరమునకు మరలి, మెదకు సీమను ఒరసికొనుచు వచ్చి, నారాయణఖేడునకు ఈశాన్యమున నిజాంసాగరమును నింపి, కందకుర్తి వద్ద గోదావరిలో లీనమగును. పుట్టిన చోటు మొదలు సంగమము వరకు దీని నిడివి సుమారు 724 కిలోమీటర్లు. తెలుగు, కన్నడ, మరాఠీ పలుకులు మూడును సంతలో కలియు ఈ సీమకు దక్షిణమునను, తూర్పునను, ఈశాన్యమునను ప్రవహించునది ఒక్క మంజీరయే.

ఇంతటి నది చుట్టి పోవుచున్నను, తెల్లవారి పడవ యెక్కి, పొద్దంతయు నీటిమీద సాగి, సందెవేళకు మరియొక ఊరి రేవున దిగదగిన జలమార్గము ఈ ప్రాంతమున ఏనాడును ఏర్పడలేదు. ఏర్పడినది పుట్టి మాత్రమే. అదే గోదావరి, కృష్ణా డెల్టాలలో నూరేండ్లకు పైగా సరకులును జనులును కాలువ పడవలలో ప్రయాణించిరి. ఇంగ్లండు దేశమున బారెడు వెడల్పునకు కొంచెము మించిన ఇరుకు పడవలు ఒక పారిశ్రామిక యుగమునే మోసినవి. నీరు అన్నిచోట్లను నీరే అయినను, ఒకచోట పుట్టియు, మరియొకచోట పొడవైన నావయు ఏల నడచుచున్నవి? నీటి లోతు, నేల వాలు, దారి వెడల్పు అను మూడు కొలతలును కలిసి ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చును. ఆ మూటిని వరుసగా పరిశీలించుటయే ఈ అధ్యాయమున మన పని.

పుట్టి లెక్క

మంజీర మడుగులలో చేపలు పట్టువారికిని, నీరు నిండినప్పుడు అవతలి గట్టు చేరవలసినవారికిని ఆధారమైన పుట్టి, మానవుడు కల్పించుకొన్న అతిప్రాచీనములైన నావలలో ఒకటి. వెదురు బద్దలను అడ్డముగను నిలువుగను అల్లి, అంచు చుట్టును బద్దల కట్టను బిగించి, వెలుపలి వైపున పూర్వకాలమున పశువుల తోలును, ఈ కాలమున తారు పూసిన గుడ్డనో ప్లాస్టిక్ పట్టానో కప్పుదురు. అది గుండ్రనిది, దానికి ముందు వెనుకలు లేవు.

నీటిపై తేలు ప్రతి వస్తువును తన బరువునకు సమానమైన బరువు గల నీటిని తొలగించునని ఆర్కిమెడీసు చెప్పిన నియమమును ఈ పుట్టికి అన్వయించి చూతము. రెండు మీటర్ల అడ్డుకొలత గల పుట్టి అడుగు చదునుగా ఉన్నదనుకొన్నచో, దాని వైశాల్యము 3.14 చదరపు మీటర్లు. అంత మేర ఒక సెంటీమీటరు మందము గల నీరు సుమారు 31 కిలోలు తూగును. కావున 62 కిలోల మనిషి అందులో అడుగు పెట్టగానే పుట్టి రెండు సెంటీమీటర్లు దిగును. అటువంటివారు అయిదుగురు కూర్చున్నను, వారి వలన దిగునది పది సెంటీమీటర్లే. దాని సొంత బరువును కూడ కలిపికొన్నను జానెడు నీరున్న చాలును. రాళ్లు తేలిన దక్కను నదులలో, వానలు వెనుకబట్టిన తరువాత మడుగునకు మడుగునకు నడుమ నీరు పలుచబడు చోట్ల, ఇంతకంటె తగిన సాధనము లేదు. నీరు బొత్తిగా లేనిచోట దానిని నెత్తిమీద బోర్లించుకొని నడచి పోవచ్చును.

అయితే ఈ గుండ్రదనమే దానికి దోషమును అయినది. ఒక ప్రక్కన తెడ్డు వేసినచో పుట్టి ముందునకు పోవుటకు మారుగా తన చుట్టు తాను తిరుగును. అందువలన దానిని నడుపువాడు ప్రక్కలకు తెడ్డు వేయడు. పోవలసిన దిక్కున అంచునకు చేరి, ముందునకు వంగి, నీటిని తన వైపునకు లాగికొనుచుండును. ఏరు దాటుటకు ఈ నేర్పు చాలును. దినమంతయు ఒక దిక్కున ప్రయాణము చేయవలెనన్నను, బండ్లకొలది ధాన్యము చేరవేయవలెనన్నను చాలదు.

ఇరుకుదనమున గల లాభము

పొడవెక్కువయై వెడల్పు తక్కువైన నావ నీటిని చీల్చుకొని పోవును. ప్రక్కకు తిరుగవలెనన్న దాని పొడవంతయు నీటిని త్రోయవలసి వచ్చును గనుక పట్టిన దిక్కును సులభముగా విడువదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో జేమ్సు బ్రిండ్లీ అను స్వయంకృషితో పైకి వచ్చిన ఇంజినీరు కాలువలు త్రవ్వించునప్పుడు ఈ గుణమును చివరికంట వినియోగించుకొనెను. 1761లో తెరువబడిన బ్రిడ్జివాటరు కాలువ మాంచెస్టరు పట్టణమునకు బొగ్గును చౌకగా చేర్చిన తరువాత, కొండలు దాటి పోవు కాలువలకు పని మొదలైనప్పుడు, నావలను ఎత్తి దించు నీటిగదులైన లాకులును, సొరంగములును ఎంత ఇరుకైన అంత తక్కువ రాయి, అంత తక్కువ కూలి, అంత తక్కువ నీరు వ్యయమగునని గ్రహించి, అతడు ఏడడుగుల వెడల్పును, సుమారు డెబ్బదిరెండడుగుల పొడవును పట్టు లాకులను నిర్మింపజేసెను. లాకు కొలతయే నావకు కొలతయైనది.

ఇరువదియొక్క మీటర్ల పొడవును, రెండు మీటర్లకు కొంచెము పైబడిన వెడల్పును గల అటువంటి నావ అడుగు వైశాల్యము సుమారు 44 చదరపు మీటర్లు. పుట్టికి చేసిన లెక్కనే దీనికిని చేసినచో, ప్రతి సెంటీమీటరు దిగుడునకు 440 కిలోల బరువు నిలుచును. అరువది సెంటీమీటర్లు దిగినచో నావయు సరకును కలిసి 26 టన్నులు! ఇంత భారమును గట్టుమీద నడచు ఒక్క గుర్రము త్రాటితో లాగికొని పోయెడిది. ఎడ్లబండ్లమీద ఎక్కించినచో ఇదే సరకునకు రెండు డజన్ల బండ్లకు తక్కువ కావు. నేలమీద చక్రము గుంటలతోను, మెరకలతోను, ఇరుసు రాపిడితోను పెనగులాడవలెను; నిలుకడ నీటిలో మెల్లగా కదలు నావకు ఎదురగు నిరోధము అతిస్వల్పము. ఆ "మెల్లగా" అను మాటలో నున్న రహస్యమును ముందు చూతము.

కాలువ మీద ఒక దినము

తెలుగుదేశమున ఈ విద్య పరిపూర్ణముగా ఫలించిన చోటు గోదావరి డెల్టా. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టతో పాటు సర్ ఆర్థరు కాటను రూపొందించిన కాలువలు సేద్యము కొరకు మాత్రమే గాక, పడవలు నడచుటకు కూడ ఉద్దేశింపబడినవి. నీటి మట్టము మారు చోటనెల్ల లాకులు కట్టిరి. 1855లో విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట ఏలూరు కాలువ ఈ రెండు నదులను కలిపినది. కృష్ణా డెల్టా నుండి కొమ్మమూరు కాలువ పెదగంజాము వరకు పోయినది. అచ్చటినుండి సముద్రతీరమునే పట్టుకొని బకింగుహాము కాలువ మదరాసు మీదుగా మరక్కాణము వరకు సాగినది. ఈ చివరి కాలువకు 1806లో మదరాసు వద్ద పునాది పడినది. 1876–78 కరవు కాలమున గవర్నరుగా ఉన్న బకింగుహాము ప్రభువు పేరు 1878లో దానికి పెట్టబడినది. ఇట్లు కాకినాడ మొదలు పుదుచ్చేరి పరిసరముల వరకు ఏడువందల కిలోమీటర్లకు పైబడిన నీటి బాట ఏర్పడినది.

ధవళేశ్వరమునుండి కాకినాడ వైపు పోవు పడవను తలచుకొనుడు. వేకువజామున గాలి అనుకూలించినచో తెరచాప యెత్తుదురు. గాలి పడిపోగానే ఇద్దరు ముగ్గురు మనుష్యులు గట్టుమీదికి దిగి, పొడవైన త్రాటిని భుజమునకు ఎత్తుకొని, నేలవైపు ముందునకు వంగి నడువసాగుదురు. లోతు తక్కువైన చోట గడవేసి నెట్టుదురు. చుక్కాని పట్టినవాడు వెనుక కూర్చుండి గట్టునకు దూరముగా పడవను నిలుపుచుండును.

ఈ త్రాటి పనిలో కన్నులకు కనబడు యంత్రశాస్త్రము కలదు. లాగువారు గట్టుమీదను, పడవ కాలువ నడుమను ఉండుట వలన త్రాడు ఏటవాలుగా ఉండును. దాని లాగుడులో అధికభాగము పడవను ముందునకు నడిపినను, కొంతభాగము గట్టువైపునకు ఈడ్చును. త్రాడెంత పొడవైన ఆ వాలు అంత తగ్గును, వృథాయగు బలమును అంత తగ్గును. కావుననే సరంగులు త్రాటిని కురుచ కానీయరు. త్రాటిని పడవ ముక్కునకు కట్టినచో ఆ ముక్కు వెంటనే గట్టునకు తిరిగిపోవును. అందుచేత ముక్కునకు కొంత వెనుకగా నిలిపిన స్తంభమునకు కట్టుదురు. అప్పుడు త్రాడు పడవను తిప్పు బలము తగ్గి, మిగిలిన కొద్దిపాటిని చుక్కాని సవరించును. వంతెన వచ్చినప్పుడు స్తంభమును వాల్చి, దాటిన పిదప మరల నిలుపుదురు.

గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వంతున, లాకుల వద్ద నిలిచిన కాలమును తీసివేసినచో, పగటి ప్రయాణము ముప్పదియైదు నలువది కిలోమీటర్లకు మించదు. పడవలోనే అన్నము వండుకొనుటయు, రాత్రి లాంతరు వెలుతురున సాగిపోవుటయు, కునికిపాటు పడుచు కబుర్లు చెప్పుకొనుటయు ఈ మందగమనము వలన కలిగిన అలవాట్లే. మోటారు లాంచీలు వచ్చిన తరువాత వేగము కొంత హెచ్చినది గాని, గట్లు కోసికొని పోవునన్న భయము వానిని కూడ అదుపులోనే ఉంచినది.

కాటను పథకమున ఒక పాటి వైరుధ్యమును లేకపోలేదు. సేద్యమునకు నీరు పారవలెను. పడవకు నీరు నిలువవలెను. పొలములకు నీరు చేర్చు కాలువకు వాలు తప్పదు, వాలున్నచోట ప్రవాహము తప్పదు, ప్రవాహమున్నచోట ఎగువకు పోవు పడవవానికి రెట్టింపు చాకిరి తప్పదు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయు దినములలో పడవలు రేవులలో బురదమీద కూర్చుండెడివి. ఒకే నీటితో రెండు పనులు చేయుట సాధ్యమే గాని, రెండింటిలో ముందుగా నిలుచునది పొలము.

తలుపులు గల నీటిగది

పల్లమునకు పారుటయే స్వభావముగా గల నీటి సాయమున నావ మెరక యెక్కుట ఎట్లు? ఇందునకు మానవుడు కనుగొన్న ఉపాయమే లాకు. చీనా దేశమున 984లో చియావ్ వేయ్యో అను అధికారి, గ్రాండు కాలువ వ్యవస్థలో రెండు తలుపుల నడుమ నీటిని బంధించి నావను ఎత్తుట దించుట సాగించెనని చరిత్ర చెప్పుచున్నది. అంతకుముందు నావలను వాలుమీద త్రాళ్లతో ఈడ్చుచుండగా అవి బ్రద్దలగుటయు, ఆ సందున ధాన్యము దొంగలపాలగుటయు అతనిని ఈ యోచనకు పురికొల్పినవి.

లాకు అనునది ఇరువైపుల రాతి గోడలును, రెండు చివరల తలుపులును గల గది. దిగువనుండి వచ్చిన పడవ గదిలో ప్రవేశింపగానే వెనుక తలుపు మూసి, పై తలుపునందలి చిన్న తూము నెత్తుదురు. ఎగువ నీరు గదిలోనికి సుడులు తిరుగుచు దుమికి, అడుగునుండి నిండుచు, పడవను మెల్లమెల్లగా పైకెత్తును. గోడమీది పాచి గీతలు ఒక్కొక్కటే పడవ అంచున మునిగిపోవుచుండును. ఎగువ నీటితో గదినీరు సమమగు వరకు పై తలుపు కదలదు. సమమైన మరుక్షణమున ఒక మనిషి నడుము ఆన్చి త్రోసినచో తెరచుకొనును. దిగు పడవకు ఇదే క్రమము తారుమారు.

తలుపు ఏల కదలదో లెక్కించుట కష్టము కాదు. నీటి ఒత్తిడి లోతుతో పెరుగును. ఒకవైపు నీరు రెండవవైపు కంటె రెండున్నర మీటర్లు ఎత్తుగా ఉన్నచో, రెండు మీటర్ల చిల్లర వెడల్పు గల తలుపుపై ఆ నీరు మోపు బలము ఆరు టన్నులకు పైగా ఉండును. లాకు కట్టినవారు ఈ బలముతో పోరాడక దానినే కాపలాగా పెట్టుకొనిరి. ఎగువ వైపునకు కోణముగా పొడుచుకొని వచ్చునట్లు రెండు రెక్కలను అమర్చినచో, నీరెంత త్రోసిన ఆ రెక్కలు ఒకదానినొకటి అంత గట్టిగా అదుముకొనును, గడియ అక్కరలేదు. మిలానులో పదునైదవ శతాబ్దపు చివర ఈ రెక్కల కూర్పును ప్రవేశపెట్టిన కీర్తి లియొనార్డో డావించీకి దక్కినది.

ఇక నీటి వ్యయము. ఇరువదిరెండు మీటర్ల పొడవు, రెండుంబావు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల దిగుడు గల ఇరుకు లాకు ఒక్కమారు నిండుటకు సుమారు 120 ఘనమీటర్లు, అనగా లక్షా ఇరువది వేల లీటర్ల నీరు పట్టును. ఇందొక చమత్కారము కలదు. ఎగువనుండి దిగిపోవు పడవ గదిలోనికి వచ్చునప్పుడు తన బరువునకు సమానమైన నీటిని ఎగువకు త్రోసివేయును. కావున ఎగువ కాలువ కోల్పోవునది గదినీటిలో పడవ బరువును తీసివేసినంత మాత్రమే. ఎక్కిపోవు పడవ గదిని విడిచి ఎగువకు పోవునప్పుడు తాను ఖాళీచేసిన చోటు నింపుటకు మరికొంత నీరు గదిలోనికి వచ్చును. దాని ఖర్చు గదినీటికి పడవ బరువును కూడినంత. ఇరువది టన్నుల పడవ దిగునప్పుడు 100 ఘనమీటర్లు, ఎక్కునప్పుడు 140. సరకుతో దిగి, వట్టి పడవగా ఎగువకు ఎక్కిపోవువాడు నీటిని పొదుపు చేసినవాడే యగును.

తొందర పనికిరాదు

నీటిలో కదలు వస్తువునకు కలుగు నిరోధము, స్థూలముగా, వేగపు వర్గము ననుసరించి పెరుగును. వేగము రెట్టింపైనచో నిరోధము నాలుగింతలు. ఆ నిరోధమును రెట్టింపు వేగమున ఎదిరించుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలు. గంటకు నాలుగు కిలోమీటర్లు పోవుటకు ఒక గుర్రము చాలినచో, ఎనిమిది పోవుటకు ఎనిమిది గుర్రములు! చౌకయైన జలరవాణా అంతయు ఈ మెల్లదనముమీదనే నిలిచియున్నది.

ఇరుకైన, లోతు తక్కువైన కాలువలో మరియొక అడ్డంకి తోడగును. పడవ ముందునకు పోవుటకు దాని యెదుటి నీరు ప్రక్కలనుండియు అడుగునుండియు వెనుకకు ప్రవహింపవలెను. సందు చిన్నదైనకొలది ఆ వెనుకప్రవాహము వడి హెచ్చి, పడవ చుట్టును నీటిమట్టము క్రుంగి, పడవ కూడ దానితో క్రుంగి, అడుగు బురదను తాకునంత పని యగును. లేచిన అలలు గట్టుమట్టిని కరగించును. నేటికిని ఇంగ్లండు కాలువలలో వేగపరిమితి గంటకు నాలుగు మైళ్లు, అనగా సుమారు ఆరున్నర కిలోమీటర్లు.

లోతు తక్కువైన నీటిలో పొడవైన అల పోవు వేగము ఆ నీటి లోతునుబట్టి నిర్ణీతమై ఉండును: గురుత్వ త్వరణమును లోతుతో గుణించి వర్గమూలము తీసిన వచ్చునది ఆ వేగము. ఒకటిన్నర మీటర్ల లోతునకు ఇది గంటకు సుమారు 13.8 కిలోమీటర్లు, ఒక మీటరు లోతునకు 11.3. పడవ ఈ వేగమును సమీపించునప్పుడు తాను లేపిన అల తనకంటె ముందునకు పోజాలక, పడవ ముక్కున గుట్టగా పేరుకొనును. పడవ ఆ గుట్టను నిరంతరము ఎక్కుచుండవలసి వచ్చును.

1834లో జాన్ స్కాటు రస్సెల్ అను స్కాట్లండు ఇంజినీరు, ఎడింబరో సమీపమున యూనియను కాలువలో జోడుగుర్రములు వేగముగా లాగుచున్న పడవనొకదానిని పరిశీలించుచుండెను. పడవ అకస్మాత్తుగా నిలిచిపోయినది. దాని ముక్కున పేరుకొన్న నీరు మాత్రము నిలువక, ముప్పది అడుగుల పొడవును, అడుగు మొదలు అడుగున్నర వరకు ఎత్తును గల నునుపైన ఒంటరి తరంగముగా ఏర్పడి, రూపము చెడక, వేగము తగ్గక కాలువ వెంబడి సాగిపోయినది. రస్సెల్ గుర్రమెక్కి దాని వెంట పడెను. గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగమున పోవుచున్న ఆ అలను ఒకటి రెండు మైళ్ల దూరము తరిమి, కాలువ మలుపులలో దానిని పోగొట్టుకొనెను. ఆ వేగము మన లెక్క చొప్పున ఒకటిన్నర మీటర్ల లోతునకు వచ్చు వేగముతో సరిపోవుట గమనింపదగినది.

సామాన్యమైన అల పోనుపోను విప్పారి అణగిపోవును. ఇది ఏల అణగలేదు? అలను విప్పార్చు గుణమును, అలను నిటారు చేయు గుణమును రెండును నీటిలో కలవు. ఈ రెండును సరిసమానముగా తూగినచోట అల తన రూపమును తాను కాపాడుకొనును. నాటి పండితులు కొందరు రస్సెల్ మాటను శంకించిరి. 1895లో కోర్టెవెగ్, డి వ్రీస్ అను డచ్చి గణితజ్ఞులు దీనికి సమీకరణము కూర్చిరి; 1965లో జబుస్కీ, క్రుస్కల్ అనువారు కంప్యూటరుపై దీనిని పరిశోధించి "సాలిటాన్" అని పేరుపెట్టిరి. గాజుతీగలలో వెలుతురు రూపమున వార్తలు పంపు విద్యలో సైతము ఈ తరంగమునకు చోటు దొరికినది. కాలువ పడవ యొక్క అవరోధము భౌతికశాస్త్రమునకు ఒక క్రొత్త అధ్యాయమైనది.

మంజీరకు మెట్లు కట్టవచ్చునా?

2016లో వచ్చిన జాతీయ జలమార్గముల చట్టము దేశమున 111 జలమార్గములను పేర్కొన్నది. అందు మంజీర పేరును ఉన్నది. కావున ఈ ప్రశ్న ఊహామాత్రము కాదు.

సింగూరు జలాశయపు నిండుమట్టము సముద్రమట్టమునకు 523.6 మీటర్లు, నిజాంసాగరపు నిండుమట్టము 1,405 అడుగులు, అనగా 428.2 మీటర్లు. ఒకదాని నుండి మరియొకదానికి నది దిగు ఎత్తు సుమారు 95 మీటర్లు. ఒక్కొక్క లాకు రెండున్నర మీటర్లు దించునదైనచో ముప్పదియెనిమిది లాకులు కావలెను. లాకొకటికి పావుగంట చొప్పున లెక్కించినను, కేవలము తలుపులు తీయుట మూయుటలోనే తొమ్మిదిన్నర గంటలు గడచిపోవును. నది వెంట దూరము సంగతి అటుంచినను, దినమంతయు లాకులకే సరిపోవును!

ఇన్ని లాకులకు నీరెక్కడిదని సందేహము పుట్టవచ్చును. లెక్క చూతము. లాకుకు 120 ఘనమీటర్లు. పైమెట్టున వాడిన నీరే క్రింది మెట్టున మరల పనికివచ్చును గనుక లాకులెన్నియైనను పడవకు ఒక్క గదినీరే. దినమునకు ఇరువది పడవల వంతున ఏడాదిలో మున్నూరు దినములు నడిపినను వ్యయమగునది ఏడు లక్షల ఇరువది వేల ఘనమీటర్లు. ఒక టీయంసీ సుమారు రెండు కోట్ల ఎనుబదిమూడు లక్షల ఘనమీటర్లు. సింగూరు నిండుసామర్థ్యము దాదాపు ముప్పది టీయంసీలు. అనగా పడవలు త్రాగు నీరు జలాశయములో వెయ్యవ వంతునకు కూడ రాదు. అడ్డంకి ఇక్కడ లేదు.

అడ్డంకి లోతునందున్నది. పడవకు ఏడాది పొడవునను అడుగడుగున మీటరుకు తగ్గని నీరు నిలువవలెను. మంజీర వానలనుబట్టి బ్రతుకు నది. వానాకాలమున వరదలో చెట్లను కొట్టుకొనివచ్చు ఈ నదియే వేసవిలో మడుగులుగా తెగిపోవును. ఏడుపాయల వద్ద బండరాళ్ల నడుమ ఏడు పాయలుగా చీలి పారు నీటిని చూచినవారికి, అచ్చట నావ నడచుట ఎంతటి మాటయో వేరుగా చెప్పనక్కరలేదు. ముప్పదియెనిమిది మెట్లకును ముప్పదియెనిమిది అడ్డుకట్టలు వేసి నీరు నిలుపవలెను. వరద వచ్చినప్పుడు అవి దారి విడువవలెను. వరద తెచ్చిన యిసుక మరల తోడవలెను. 1923 నుండి 1931 వరకు నవాబు అలీ నవాజ్ జంగు బహద్దూరు ఆధ్వర్యవమున నిర్మితమైన నిజాంసాగరమునకు సేద్యమే పరమార్థము. పడవ దాటదగిన లాకు అందు లేదు. సింగూరు నీటికి మొదటి హక్కుదారులు త్రాగునీరు కోరు పట్టణములును, ఆయకట్టు రైతులును.

ఇట్టి ప్రయత్నము తెలుగునేల మీద ఒకమారు జరిగియే యున్నది. అమెరికా అంతర్యుద్ధము వలన ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవైన కాలమున, నాగపురము, బీరారు సీమల ప్రత్తిని గోదావరి మీదుగా సముద్రమునకు దించవలెనని, కాటను ప్రోత్సాహమునను హెయిగు అను ఇంజినీరు పర్యవేక్షణమునను ఎగువ గోదావరిలో పనులు సాగినవి. రాళ్లవరుసలు నదికి అడ్డుపడు చోట్లలో మొదటిదైన దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు, ప్రక్కకాలువయు, లాకులును నిర్మించిరి. ఎగువను మరి రెండు అడ్డంకులు మిగిలియుండగనే, ఖర్చు పెరిగి, రైలుమార్గములు ముందునకు వచ్చి, 1871లో పథకము మానివేయబడినది. డెల్టాలో అంతగా ఫలించిన విద్య, అదే నదిమీద, అదే ఇంజినీరు ప్రోద్బలముతోనే మెరకభూమిలో నిలువలేకపోయినది. నేల వాలు మారినది. తక్కినదంతయు దానిని వెన్నంటి మారినది.

కావున మంజీర విషయమున శాస్త్రము చెప్పు తీర్పు ఇది: నిండిన కాలమున సింగూరు, నిజాంసాగరముల విశాలజలముపై పొద్దంతయు విహరించుటకు ఆటంకము లేదు, ఈ రెండింటిని కలుపు నావమార్గము మాత్రము ఇప్పటి స్థితిలో లాభసాటి కాజాలదు. చట్టపు జాబితాలో పేరు చేరినంత మాత్రమున నదికి లోతు చేరదు. ఇకమీద ఏ నదిని గూర్చియైనను జలమార్గమను మాట వినబడినప్పుడు చదువరులు మూడు ప్రశ్నలు వేయుదురుగాక: మే నెలలో అచ్చట నీరెంత లోతున్నది, ఊరికి ఊరికి నడుమ నది ఎన్ని మీటర్లు దిగుచున్నది, ఆ నీటిమీద మొదటి హక్కు ఎవరిది. ఈ మూటికిని అంకెలతో సమాధానము చెప్పలేని పథకమునకు ప్రజల ధనము వెచ్చింపరాదు.